ప్లే థెరపీలో ఆట ఎవరు నడిపించాలి: పిల్లలా, థెరపిస్టా?

మీ ఆరేళ్ల పాపకి ప్లే థెరపీ, అంటే ఆట ద్వారా మనసులోని భయాల్నీ బాధల్నీ బయటికి తెచ్చే చికిత్స, చేయించమన్నారని, థెరపిస్టు ఆట నడిపించే పద్ధతి మంచిదా, పాప ఇష్టానికి వదిలేసే పద్ధతి మంచిదా అని అడిగారు. నేను రెండూ చూశాను. పాప ఇష్టానికి వదిలేసే థెరపిస్టునే వెతుక్కోండి.

మా వాడికి ఐదో ఏట ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచేవాడు, పక్క తడిపేవాడు. మొదట వెళ్లిన చోట ముఖాల కార్డులు పరిచి "భయం వేస్తే ఏ ముఖం?" అని అడిగేవారు. వాడు సరైన కార్డు టక్కున తీసిచ్చేవాడు. రెండు నెలలు అన్నీ సరైన జవాబులే. పక్క తడపడం మాత్రం ఆగలేదు.

రెండో థెరపిస్టు ఏమీ అడగలేదు. గదిలో ఇసుక తొట్టి, చేతి బొమ్మలు, డాక్టర్ సెట్టు ఉండేవి. వాడి పక్కన నేల మీద కూర్చుని "కారుని ఇసుకలో కప్పేశావు" అని వాడు చేసేదే పైకి చెప్పేది. మూడు వారాలు కార్లే. నాకు ఒకటే టెన్షన్. నాలుగో వారం నన్నూ లోపల కూర్చోమంది.

వాడు నేరుగా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పిల్లాడివి, నేను డాక్టర్ని. పడుకో." బొమ్మ సూది తెచ్చి, "చీమ కుట్టినట్టే ఉంటుంది, ఏడవకూడదు" అన్నాడు. ఆసుపత్రిలో నేనన్న మాటే, నా గొంతుతోనే. సూది గుచ్చాక కాసేపు నన్నే చూసి, "ఇప్పుడు ఏడు" అన్నాడు. చిన్నగా మూలిగాను. "అలా కాదు, గట్టిగా!" మూడుసార్లు ఏడిపించాడు. మూడోసారి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ థెరపిస్టు నన్ను ఓదార్చలేదు, వాణ్ని ఆపలేదు. "అంత నొప్పి పుట్టినా ఏడవనివ్వలేదు" అంది, అంతే. వాడు సూది పక్కన పెట్టి నా ఒళ్లో కూర్చున్నాడు.

థెరపిస్టు నడిపించే పద్ధతి కొత్తదేం కాదు: 1930లలో డేవిడ్ లెవీ అనే డాక్టర్, పిల్లల్ని భయపెట్టిన సంఘటననే బొమ్మలతో వాళ్ల ముందు పెట్టి ఆడించేవాడు. మా వాడికి మొదటి రోజే సూది చేతికిస్తే కార్డు తీసినట్టే తీసి ఇచ్చేసేవాడు, నాకు ఆ నమ్మకం ఉంది. పిల్లల ఇష్టానికి వదిలేసే పద్ధతికి 1940లలో వర్జీనియా ఆక్స్‌లైన్ అనే అమెరికన్ సైకాలజిస్టు రాసిన ఎనిమిది సూత్రాల్లో ఒకటి, తొందరపెట్టకూడదని. పిల్లలు ముందు నడవాలి, పెద్దవాళ్లు వెనక నడవాలి అన్నదీ అందులోనిదే. చీకటి, కుక్క లాంటి ఒక్క భయమే అయితే, బొమ్మ చేత ధైర్యం నేర్పించే కాగ్నిటివ్ బిహేవియరల్ (ఆలోచననీ ప్రవర్తననీ మార్చే) పద్ధతి పనికొస్తుందని ఒప్పుకుంటాను.

"ఆడుకోవడానికి కూడా ఫీజు కట్టాలా?" అనే చుట్టాలకు జవాబు చెప్పే ఓపిక పెట్టుకోకండి. బ్యాటరీ బొమ్మలు కూడా కొనకండి. బటన్ నొక్కితే అవే మాట్లాడేస్తాయి, ఇక పిల్లలు చెప్పడానికి ఏం మిగులుతుంది?

మీరు అడగలేదు గానీ, అన్నిటికన్నా ముఖ్యం ఇది. మీకూ నేర్పిస్తారేమో అడగండి. 1960లలో బెర్నార్డ్, లూయీజ్ గెర్నీ దంపతులు తల్లిదండ్రులకే ఈ ఆట నేర్పడం మొదలుపెట్టారు, ఫిలియల్ థెరపీ అంటారు. వారానికో అరగంట, ఫోన్ పక్కన పెట్టి, పాప చెప్పినట్టు ఆడాలి. ప్రశ్నలు వద్దు, పాఠాలు వద్దు. హద్దులు మాత్రం ఉంటాయి. మా వాడు నన్ను కొట్టబోతే, "నీకు కోపం వచ్చింది, కానీ నన్ను కొట్టకూడదు, దిండుని కొట్టొచ్చు" అనేదాన్ని. పక్క తడపడం మూడు నెలల్లో ఆగింది.

ఆ తర్వాత రక్తపరీక్షకి వెళ్లినప్పుడు "నొప్పి పుడుతుందా అమ్మా?" అని అడిగాడు. పుడుతుందని చెప్పాను. గట్టిగా ఏడ్చాడు, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.