సున్నపురాతి ఇంటికి ఇటుక అంచులెందుకు?

ప్రశ్న: పెర్త్ శివారు ఫ్రీమాంటిల్‌లో మేము అద్దెకుంటున్న పాత సున్నపురాతి ఇంటికి మూలల్లోనూ, కిటికీల చుట్టూనూ మాత్రమే ఇటుక ఎందుకు కట్టారు? రాలుతున్న గోడకు సిమెంటు పూయించవచ్చునా?

జవాబు: తీరపు ఇసుక దిబ్బలు గట్టిపడి ఏర్పడిన అక్కడి రాయి మెత్తగా, గుల్లగా ఉండి, చెక్కిన అంచులు ఎక్కువకాలం నిలవవు కనుక, గోడను ముతక రాళ్లతో లేపి అంచులను ఇటుకతో తీర్చేవారు. 1831లో తెరిచిన రౌండ్ హౌస్ జైలు, 1850లలో ఖైదీల చేతనే, అక్కడే తవ్విన రాయితో కట్టించిన పెద్ద కారాగారం (తమ చెరను తామే కట్టుకున్నారన్నమాట) ఈ రాతివే. సిమెంటు మాత్రం వద్దు. తేమ బయటికి పోక, రాయే పొడిగా రాలుతుంది. మీ యజమానికి చెప్పి, పాత పద్ధతిలో సున్నపు గచ్చే వేయించండి.