గ్రాండ్ ఫైనల్‌కి టికెట్ దొరక్కపోతే ఏం చేయాలి?

తమ్ముడూ, ఎక్స్ఛేంజ్ మీద మెల్‌బోర్న్ వచ్చి, ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) గ్రాండ్ ఫైనల్ టికెట్ దొరక్క, రూల్స్ తెలియక హోస్ట్ వాళ్లింటి బార్బెక్యూకి వెళ్లాలా వద్దా అన్నావు కదా. తప్పకుండా వెళ్లు! మ్యాచ్ జరిగే ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) దాదాపు లక్షమంది పట్టినా, టికెట్లు ఎక్కువగా క్లబ్బుల, స్టేడియం సభ్యులకే పోతాయి. బ్లాకులో మాత్రం కొనకు.

రూల్స్ గురించి టెన్షన్ వద్దు. రెండు వైపులా నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే ఒక్కటే. అందుకే స్కోరు 10.8 (68) అని పడుతుంది, అంటే 10 గోల్స్, 8 ఒంటి పాయింట్లు, మొత్తం 68. బంతిని విసరకూడదు, పిడికిలితో గుద్ది అందించాలి. ఎవరి వైపు అని కచ్చితంగా అడుగుతారు, ఏదో ఒక జట్టు పేరు చెప్పెయ్. బీఫ్ తినకపోతే ముందే చెప్పు, అక్కడ పెట్టే ‘మీట్ పై’ (మాంసం కూరిన పేస్ట్రీ) లోపల ఉండేది సాధారణంగా అదే.

మ్యాచ్ ముందురోజు శుక్రవారం మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో సెలవు. ఆరోజు జరిగే గ్రాండ్ ఫైనల్ పరేడ్‌కి వెళ్తే ఆటగాళ్లను దగ్గర్నుంచి, పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు.