సమాధానం: మంట పెంచినా 100 డిగ్రీలు దాటడం లేదు, ఎందుకు?
మంట పెంచినా మరుగుతున్న నీటిలో థర్మామీటరు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోయిందని, అది పాడైందేమోనని అడిగారు. అది బాగానే ఉంది, పారేయకండి!

మరగడం మొదలయ్యాక అందిన వేడి అంతా నీటి అణువుల మధ్య ఆకర్షణను తెంచడానికే ఖర్చవుతుంది. వాటి సగటు గతిశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) పెరగదు. ఉష్ణోగ్రత కొలిచేది ఆ గతిశక్తినే కదా! ఈ వేడినే బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. చిన్నదేమీ కాదు: కిలో నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 420 కిలోజౌళ్లు చాలు, అదే నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2,260 కావాలి. మంట పెంచితే నీరు త్వరగా ఆవిరైపోతుంది, అంతే.

నీరు ఆవిరి కావడానికి ఎంత వేడి కావాలో లెక్క కట్టేటప్పుడు ఈ దశకు ఉష్ణోగ్రత తేడాను తీసుకురాకండి (చాలామంది అక్కడే తప్పుతారు). ద్రవ్యరాశిని గుప్తోష్ణంతో గుణించండి.