రెనే వోతియే: కెమెరా పట్టినందుకు జైలు

ప్రశ్న: ఫ్రెంచ్ రాజకీయ సినిమా అనగానే అందరూ గొడార్ పేరే చెబుతారు. ఆయన కాకుండా, సినిమా కోసం నిజంగా నష్టపోయిన దర్శకులెవరైనా ఉన్నారా? ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

జవాబు: ఉన్నారండి, రెనే వోతియే. 1928లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో పుట్టారు. ఇంకా మీసాలు రాని వయసులోనే ఫ్రాన్స్‌ను ఆక్రమించిన నాజీలకు వ్యతిరేకంగా రెసిస్టెన్స్ అనే రహస్య ప్రతిఘటన ఉద్యమంలో పోరాడారు. యుద్ధం ముగిశాక పారిస్‌లో సినిమా చదువుకున్నారు.

మీరు ‘ఆఫ్రిక్ 50’తో మొదలుపెట్టండి. 17 నిమిషాలే. ఫ్రెంచ్ వాళ్లు పశ్చిమ ఆఫ్రికాలో ఎంత మేలు చేస్తున్నారో స్కూలు పిల్లలకు చూపించే సినిమా తెమ్మని ఒక విద్యా సంఘం ఆయన్ని పంపింది. అక్కడికెళ్తే, పన్ను కట్టలేదని సైన్యం విరుచుకుపడిన ఊరు కనిపించింది. గోడల్లో దిగిన తూటాల గుర్తుల దగ్గరికి కెమెరా వెళ్తుంది. నైజర్ నది మీద ఆనకట్ట తలుపుల్ని కూలీలు ఒంటి బలంతో ఎత్తుతుంటారు, యంత్రం కన్నా మనిషి చవక కాబట్టి. వ్యాఖ్యానం వోతియేదే. ఆ గొంతులో కోపం దాచుకోవడం ఉండదు, నాకు ఆ సినిమా నచ్చిందే అందుకు.

పోలీసులు రీళ్లు పట్టుకుపోయారు. ఆయన కాపాడుకోగలిగిన కొన్నిటితోనే సినిమా కూర్చారు. గవర్నర్ అనుమతి లేకుండా వలస దేశాల్లో చిత్రీకరించకూడదని 1934లో పియెర్ లవాల్ తెచ్చిన ఉత్తర్వు కింద ఆయనకు జైలుశిక్ష పడింది. లవాల్ ఎవరనుకున్నారు? నాజీలతో చేతులు కలిపినందుకు 1945లో మరణశిక్షకు గురైనవాడు. అలాంటివాడి ఉత్తర్వుతో రెసిస్టెన్స్ యోధుణ్ణి జైల్లో వేశారు! ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సినిమా మీద నిషేధం 40 ఏళ్లకు పైగా సాగింది.

తర్వాత అల్జీరియా వెళ్లి స్వాతంత్ర్య యోధుల మధ్య నిలబడి షూటింగ్ చేశారు, గాయపడ్డారు. అనుమానం వచ్చి వాళ్లూ ఆయన్ని నిర్బంధించారు. అయినా ఆ దేశం మీద కక్ష పెంచుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి కుర్రాళ్లకు సినిమా నేర్పారు. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధాన్ని అణచడానికి ఫ్రాన్స్ పంపిన బ్రిటనీ కుర్రాళ్ల కథతో తీసిన ‘అవ్వార్ వాఁ తాఁ దాఁ లెజొరెస్’కి 1972లో కాన్ చిత్రోత్సవంలో విమర్శకుల బహుమతి వచ్చింది. రెండోది అది చూడండి.

1961 అక్టోబర్‌లో పారిస్ పోలీసులు అల్జీరియన్ నిరసనకారుల్ని చంపిన ఘటనపై జాక్ పానిజెల్ తీసిన సినిమా సెన్సార్‌లో ఇరుక్కుంటే, 1973లో వోతియే నిరాహార దీక్షకు దిగారు. చివరికి అనుమతి సాధించారు. తన సినిమా కోసం కాదు, ఇంకొకరి సినిమా కోసం.