ఇటాలియన్ ‘చావ్’కు అసలు అర్థం ఏమిటి?

ఇటలీలో కలిసినప్పుడూ, సెలవు తీసుకునేటప్పుడూ ‘చావ్’ అంటారెందుకని ప్రశ్న. మన చెవికి ‘చావు’లా వినిపిస్తుంది కానీ దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

ఇది వెనిస్ నగరపు మాండలికం నుంచి వచ్చింది. అక్కడ ‘స్చావో వోస్త్రో’ అంటే ‘మీ దాసుణ్ణి’. పలికి పలికి ‘వోస్త్రో’ రాలిపోయింది, మిగిలినది అరిగి ‘చావ్’ అయింది. దాని మూలం మధ్యయుగ లాటిన్‌లోని ‘స్క్లావుస్’. మొదట తూర్పు ఐరోపాకు చెందిన స్లావ్ జాతివాడని అర్థం. స్లావులను పట్టి బానిసలుగా అమ్మడంతో జాతి పేరే బానిసకు పేరైంది. ఇంగ్లీషు ‘స్లేవ్’ కూడా ఇక్కడిదే. ప్రాచీన లాటిన్‌లో బానిసను ‘సెర్వుస్’ అనేవారు. విచిత్రమేమంటే ఆస్ట్రియాలోనూ, జర్మనీలోని బవేరియాలోనూ నేటికీ ‘సెర్వుస్’ అనే పలకరించుకుంటారు!

మనకిది కొత్తేమీ కాదు. వైష్ణవులు చెప్పే ‘దాసోహం’ విడదీస్తే ‘దాసః అహం’, అంటే ‘నేను దాసుణ్ణి’.

అయితే అంత వినయంగా పుట్టిన ‘చావ్’ ఇప్పుడు చనువున్నవారి మధ్య మాటగా మారింది. ఇటలీలో ముక్కూమొహం తెలియని పెద్దవారితో అనకండి. పగలైతే ‘బ్వోన్‌జోర్నో’ అనడం మర్యాద.