మండువా బాగుంది, మనుషులే కుదురుకోలేదు

ప్రశ్న: ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం చదువుతున్నాను. డాలస్‌లో ఉన్న అన్నయ్యావాళ్లూ, ఇక్కడి పెద్దవాళ్లూ క్వెస్ట్ 2 హెడ్‌సెట్లు పెట్టుకుని కలుసుకునేలా వీఆర్‌లో, అంటే కంప్యూటర్ చూపించే త్రీడీ లోకంలో, మండువా ఇల్లు కట్టాను. ఇల్లు అచ్చంగా వచ్చింది. కానీ అందరూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు, మాటలన్నీ కలగాపులగం. అమ్మమ్మకు కాసేపటికే కళ్లు తిరిగాయి. ఏం మార్చాలి?
— విద్యార్థిని, విజయవాడ

జవాబు: నువ్వు పంపిన వీడియో చూశాను తల్లీ. దూలాల మీద చెక్కడాలు కూడా వదల్లేదు. మనుషులు ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం వాళ్లకే వదిలేశావు.

ముందు అమ్మమ్మ సంగతి. చేతి కంట్రోలర్ మీది స్టిక్ నొక్కి నడిపించావు కదా, కళ్లు ‘నడుస్తున్నాం’ అంటాయి, లోపలి చెవి ‘కూర్చునే ఉన్నాం’ అంటుంది. బస్సులో పుస్తకం చదివితే తిప్పుతుందే, దానికి ఇది తిరగేసిన రూపం. స్టిక్ నడక తీసేసి టెలిపోర్ట్ పెట్టు, చూపించిన చోటికి నడక లేకుండా ఒక్కసారే చేరేలా. పైగా పెంకులన్నీ విడివిడిగా మోడల్ చేసినట్టున్నావు. తల పైకెత్తినప్పుడల్లా బొమ్మ తడబడుతోంది. హెడ్‌సెట్ సెకనుకు 72 ఫ్రేములు, అంటే 72 బొమ్మలు గీయాలంటే ఒక్కో ఫ్రేముకు 14 మిల్లీసెకన్లు కూడా దొరకవు. పైకప్పంతా ఒకే మెష్ (ఒకే త్రీడీ ఆకారం) చేసి, పెంకుల్ని దాని మీద అతికించే టెక్స్చర్ బొమ్మలో చూపించు. ఎవరూ లెక్కపెట్టరు.

ఇక దూరం. ఫేస్‌బుక్ కంపెనీ మెటా వాళ్ల వీఆర్ లోకం హొరైజన్ వరల్డ్స్‌లో ఆడవాళ్ల అవతార్ల (లోపల వాళ్లకు బదులు కనిపించే బొమ్మల) మీదమీదకు వస్తున్నారని ఫిర్యాదులు వచ్చాక, 2022 ఫిబ్రవరిలో మెటా ఇద్దరి మధ్య సుమారు 4 అడుగుల ఎడం పెట్టింది. తర్వాత దాన్ని మార్చుకునే వీలూ ఇచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్లకు అది కావలసిందే. మనవణ్ణి ఒళ్లోకి లాక్కోవాలనుకునే అమ్మమ్మకు 4 అడుగులంటే గోడ కట్టినట్టే. మనుషుల మధ్య దూరాలను కొలిచి 1966లో పుస్తకం రాసిన ఎడ్వర్డ్ హాల్ కూడా, ఆ కొలతలు కొందరు అమెరికన్లవేననీ అందరికీ వర్తించవనీ చెప్పాడు. కాబట్టి ఆ ఎడం ఎంతో ఎవరికి వారే పెట్టుకోనీ.

గుంపు చెదరాలంటే మండువా చుట్టూ వసారాలో పీటలు, మంచాలు, ఒక పడక్కుర్చీ వేసి, టెలిపోర్ట్ వాటి మీదికే దిగేలా చెయ్యి. అందరినీ కూర్చోబెట్టు. అమ్మమ్మ ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉంటుంది, మీరేమో నిలబడి ఉంటారు. వీఆర్ లోపల ఆవిడ చూపు మీ నడుము దగ్గర ఆగిపోతుంది. పెద్దావిడ చిన్నపిల్లలా తల ఎత్తి మాట్లాడాల్సి వస్తుంది. నీ వీడియోలో నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది అదే.

మాటల గోల తేలికే. ఇలాంటివి తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో ఆడియో సోర్స్‌కు (శబ్దం వచ్చే చోటుకు) స్పేషియల్ బ్లెండ్ అనే సెట్టింగ్ మొదట్లో 0 ఉంటుంది, అంటే దిక్కూ దూరమూ లేని శబ్దం. 1 చెయ్యి. అవతలి వసారాలో గొంతు అవతలి నుంచే, కాస్త సన్నగా వినిపిస్తుంది.

అన్నట్టు, అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుంటే హెడ్‌సెట్ పెట్టెలో వచ్చిన స్పేసర్ (కళ్లజోడుకు చోటిచ్చే ముక్క) వెయ్యి. లేకపోతే కళ్లజోడు అద్దాలూ హెడ్‌సెట్ అద్దాలూ రాసుకుని గీతలు పడతాయి.