పాత కారుకు ఇంట్లోనే రంగు: డోరు వరకు సరే, బండి మొత్తం వద్దు

మహబూబ్‌నగర్ నుంచి ఒక అన్న అడిగారు. పాత తెల్ల వ్యాగన్‌ఆర్, బానెట్ మీదా టాప్ మీదా రంగు వెలిసి తెల్లటి పొడి చేతికి అంటుతోందట. డ్రైవర్ డోర్ కింది అంచున తుప్పు. షాపులో చెప్పిన రేటు విని, కంప్రెసర్ కిరాయికి తెచ్చి ఇంటి ముందే కొట్టేసుకుందామా అని ఆలోచన. మాది మిర్యాలగూడ. మా పాత మారుతి 800కి ఇంటి పక్క రేకుల షెడ్డులో ఒక డోరు, బానెట్ నేనే వేసుకున్నాను, కాబట్టి తెలిసింది చెబుతాను.

ముందు మీ బానెట్ సంగతి. చేతికి పొడి అంటుతోందంటే రంగు పోయిందని కాదు, పై పొర ఎండకు మాడిందని. పైన పారదర్శకమైన మెరుపు పొర (క్లియర్ కోట్) లేని మామూలు తెలుపుకు ఇది జరిగేదే. ఒక మూలన జానెడు చోట రబ్బింగ్ కాంపౌండ్ (పై పొరను సన్నగా అరగదీసే పేస్టు) పెట్టి మెత్తటి గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు తెల్లగా అంటుకుని కింద మెరుపు తేలితే మీకు పెయింటే అక్కర్లేదు, ఒక ఆదివారం పని. కింద ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) తేలితే మాత్రం ఆపేయండి, అక్కడ రంగు అయిపోయినట్టే.

డోర్ కింద తుప్పు వేరే కథ. చాలావరకు అది బయటి నుంచి పట్టింది కాదు. కిటికీ అద్దం పక్క నుంచి వాన నీళ్లు డోర్ లోపలికి దిగుతాయి, కింద అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. బురద పట్టి ఆ రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి రేకును తినేస్తాయి. అందుకే ముందు పుల్లతో ఆ రంధ్రాలు తెరవండి. అది చేయకుండా పైన ఎంత ఖరీదైన రంగు కొట్టినా వచ్చే వానాకాలానికి మళ్లీ బుడగలు లేస్తాయి. తుప్పును 80 నంబర్ గరుకు పేపర్‌తో రేకు మెరిసేదాకా గీకండి. గీకుతుంటే రేకు చిల్లులు పడిందంటే పుట్టీతో పూడ్చకండి, వెల్డింగ్ వాడిని పిలవండి.

ఇక రుద్దుడు. పెయింటింగ్ అంటే అందరూ స్ప్రే గన్ను పట్టుకునే పని అనుకుంటారు కానీ ఇందులో చాకిరీ అంతా ఇదే. పుట్టీని నీళ్లు పెట్టకుండా పొడిగానే రుద్దాలి, అది నీళ్లు పీలుస్తుంది. పీల్చిన తడి తర్వాత రంగును లేపుతుంది. వేసవిలో అయితే కొద్దికొద్దిగానే కలుపుకోండి, గట్టిపడటానికి కలిపే హార్డెనర్ కాస్త ఎక్కువైనా పూసేలోపే రాయవుతుంది. పుట్టీ మీద ప్రైమర్ కొట్టాక, దూరం నుంచి నల్ల స్ప్రే డబ్బాతో పలుచగా చిలకరించి, 400, ఆ తర్వాత 600 లేదా 800 వాటర్ పేపర్‌ను చెక్కముక్కకు చుట్టి రుద్దండి. ఎత్తుగా ఉన్నచోట నలుపు మొదట పోతుంది. గుంటల్లో నల్ల చుక్కలు మిగిలిపోతాయి. మన కళ్లకు కనబడని గుంటలన్నీ అక్కడ బయటపడతాయి. అది చూసి విసుగొచ్చి వదిలేస్తే, రంగు మెరిసిన తర్వాత ట్యూబ్‌లైట్ కింద అవే గుంటలు అలల్లా కనిపిస్తాయి.

మన వైపు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది నీళ్లు. మా నల్లగొండ జిల్లా బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో చెప్పనక్కర్లేదు, మీ వైపూ చాలా ఊళ్లలో అంతే. ఒక చుక్క బానెట్ మీద ఆరితే చుట్టూ తెల్ల గీత మిగులుతుంది, అది ఉప్పు. ఆ ఉప్పు రంగు కింద చిక్కితే తేమను లాక్కుని కొన్ని నెలలకు గింజల్లాంటి బుడగలు లేపుతుంది. మా బామ్మర్ది బండికి సరిగ్గా ఇదే అయింది, బోరు పైపుతో కడిగి ఆరబెట్టి అలాగే కొట్టేశారు. రుద్దడానికి ఏ నీళ్లైనా వాడండి. చివరిగా కడిగేది మాత్రం మిషన్ భగీరథ (సర్కారు) నల్లా నీళ్లో, ఇంకా మంచిది ఫిల్టర్ ప్లాంట్ క్యాను నీళ్లో అయితే బాగుంటుంది. వెంటనే తుడిచేయండి, వాటంతట అవి ఆరేదాకా ఉంచొద్దు.

నూనె జిడ్డు ఇంకో శత్రువు. డ్యాష్‌బోర్డుకూ టైర్లకూ పూసే సిలికాన్ పాలిష్ ఏ కొంచెం అంటినా రంగు అక్కడ నిలవదు, చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. దసరా పూజలో పెట్టిన పసుపు కుంకుమ మరకలు, నూనె వేళ్ల ముద్రలు కూడా లెక్కే. వ్యాక్స్ రిమూవర్‌తో తుడిచాకే పేపర్ పట్టండి.

కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రంగు గన్నులోంచి రేకు చేరేలోపే సగం ఆరి గరుకుగా కూర్చుంటుంది. వానాకాలంలో ఎన్‌సీ రంగు (హార్డెనర్ లేకుండా థిన్నర్ కలిపి కొట్టే నైట్రోసెల్యులోజ్ రంగు) తెల్లబారుతుంది. డిసెంబర్, జనవరి నెలల్లో మంచు విడిచాక పది నుంచి మధ్యాహ్నం దాకా మంచిది. మా దగ్గర రైసుమిల్లుల ఊక బూడిద బాధ ఒకటి. గాలి తిరిగిన రోజు ఆరేసిన బట్టల మీదే పడుతుంది, ఇక తడి రంగును వదులుతుందా? అందుకే షెడ్డుకు పట్టాలు కట్టి, నేల తడిపి కొట్టాను. మీరు ఇంటి ముందు రోడ్డు మీద కొడతానంటే నేను వద్దనే అంటాను, ఒక్క ట్రాక్టర్ పోతే చాలు.

బండి మొత్తం వద్దనడానికి అసలు కారణం ఇది కూడా కాదు. హార్డెనర్ కలిపే రంగుల్లో, క్లియర్ కోట్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. గన్నులోంచి లేచే ఆ తుంపర పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి శరీరానికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. చేతిరుమాలు, సర్జికల్ మాస్కు దానికి అడ్డం కావు. బయటి నుంచి పైపుతో మంచి గాలి అందించే మాస్కు కావాలి, అది మన ఇళ్లలో ఎక్కడిది? పిల్లలు తిరిగే వాకిట్లో అసలే వద్దు. ఒక డోరుకు ఎన్‌సీ రంగు చాలు. దానికైనా కార్బన్ క్యాట్రిడ్జ్ మాస్కు పెట్టుకోండి, దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు.

అందుకని మిగతా బండికి నేను చేసింది, మీకూ చెప్పేది ఇదే: బండి మొత్తం వేయాలనుకుంటే రుద్దుడంతా ఇంట్లో చేసుకుని, గన్ను పని పెయింటర్‌కు అప్పగించండి. పెద్ద షాపులు ఒప్పుకోవు. సొంతంగా చేసుకునే మేస్త్రీలు ముందే మాట్లాడుకుంటే ఒప్పుకుంటారు, కూలీ బాగా తగ్గుతుంది. మా మేస్త్రీ మొదట మొహం చిట్లించాడు, ప్రైమర్ మీద అరచెయ్యి రాసి చూశాక సరే అన్నాడు.

మీది తెలుపు కావడం అదృష్టం. సిల్వర్ అయితే డోరు ఒక్కటి కొట్టినా పక్క ఫెండర్‌తో కలవదు, అందులోని మెరుపు రేణువులు గన్ను కదిలిన తీరును బట్టి కూర్చుంటాయి. తెలుపులోనూ తేడాలున్నాయి కాబట్టి బండికి కంపెనీ వేసిన ప్లేటు (నంబర్ ప్లేటు కాదు) మీద రంగు కోడ్ చూసి కలిపించండి. ఎండకు వెలిసిన పాత తెలుపుతో కొత్తది కలవకపోవచ్చు, ముందు ఒక రేకు ముక్క మీద కొట్టి, ఆరాక డోరు పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. అదే రంగు వేస్తే ఆర్టీవో పని ఏమీ ఉండదు. ఎరుపో నలుపో మారుస్తానంటే మాత్రం ఆర్సీలో రంగు మార్పించుకోవాలి, అది కొట్టించక ముందే అడిగి తెలుసుకోండి.